రంగు మారే చోటు

ఎల్లారెడ్డి నుంచి జాకెట్ లైనింగ్ కోసం వచ్చిన ఒకామె, నేను గుడ్డ కొలుస్తుంటే, "మీ దగ్గర ఊలు కొంటుండె గద, మస్కటాయన, పోయిండు" అంది. ఎప్పుడని అడిగాను. "దినాలు గూడ అయినయి" అంది. ఆ వెంటనే, లైనింగ్ రంగు చీరకు కలవడం లేదని ఇంకో తాను తీయమంది. తీశాను. ఆమె తప్పేం లేదు. ఆయన నాకు ఏమవుతాడని ఆమె ఒక్క నిమిషం ఆగాలి? ఏమవుతాడో నాకే తెలియదు.

కామారెడ్డి బస్టాండు వెనక సందులో నాది ఫాల్, పీకో దుకాణం. ముందు గదిలో మిషను, వెనక గదిలో నేను. మా ఆయన పోయాక ఈ రెండు గదులే నా సంసారం. షట్టర్ దించాక పలకరించే దిక్కుండదు కాబట్టి, ఆ మాటలన్నీ కలిపి పగలే మాట్లాడేస్తాను. నా నోటికి తాళం లేదని సందంతా చెప్పుకుంటారు. అబద్ధమేమీ కాదు. ఆ నోటితో నేను చేసిన నిర్వాకం కూడా ఇందులో ఉంది, చెబుతాను.

ఆ మస్కటాయన మొదటిసారి వచ్చింది ఒక శుక్రవారం. "నల్లది, పసుపుది ఊలు గావాలె. మా ఇంటామె తెమ్మన్నది" అన్నాడు. యాభై అయిదు దాటి ఉంటాయి. ఇస్త్రీ చొక్కా, చేతికి పెద్ద గడియారం, ఎండకు మాడి బిగుసుకుపోయిన మొహం. వేళ్ళ కణుపులు ఉబ్బి ఉన్నాయి. ఊలు ఉండను కళ్ళతో చూడలేదు. దారం కొసను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి, పురి కొంచెం విప్పి, మళ్ళీ పేనాడు. భార్య కోసం కొనే మగవాళ్ళు అలా చూడరు. వాళ్ళు ఇంటికి ఫోన్ చేసి ఏ రంగని అడుగుతారు. నాకు నవ్వొచ్చింది, నవ్వాను. ఆయన నవ్వలేదు.

మరుసటి శుక్రవారం మళ్ళీ వచ్చాడు. "ఏం అన్నా, ఇయ్యాల వదినకు ఏ రంగు గావాలంట?" అని ఎగతాళి చేశాను. "ఎర్రది" అన్నాడు, అంతే.

మూడో శుక్రవారం నేను అల్లుతూ ఆయన కంటబడ్డాను. ఈమధ్య చీరలు ఫాల్ వేసే వస్తున్నాయి, నాకు పని తగ్గింది. ఫోన్‌లో చూసి క్రోషా బొమ్మలు నేర్చుకుంటున్నాను. కొక్కెం సూదితో ఊలును గుండ్రంగా అల్లుకుంటూ పోయి, లోపల దూది కూరి, మూతి ముడిస్తే బొమ్మ. చెప్పడానికి ఇంతే. ఆ రోజు నా చేతిలో ఉన్నది పులిపిల్ల. ఒంటి మీద చారలు రావలసిన చోట గాట్లు వచ్చాయి. నారింజ నుంచి నలుపుకు మారిన ప్రతిచోటా ఒక మెట్టు, ఒక ముడి, ఒక కంత. ఆయన కౌంటర్ అవతల నిలబడి కాసేపు చూశాడు. చూసి చూసి, ఇక ఆగలేక, చెయ్యి చాచాడు.

"గట్ల గాదు చెల్లె. ఇటు తే."

జేబులో, పెన్ను ఉండాల్సిన చోట నుంచి ఒక సైకిల్ పుల్ల తీశాడు. చక్రంలో ఉండే పుల్లే. ఒక కొసను అరగదీసి కొక్కెం చేశాడు, రెండో కొసకు నల్ల టేపు చుట్టాడు. నా పులిని నడుం దాకా విప్పేశాడు. నేను అరగంట కష్టపడింది ఒక్క గుంజుతో పోయింది.

"నల్లది ఎప్పుడు పట్టాలె? నల్ల కుట్టు మొదలువెట్టేటప్పుడు గాదు. దాని ముందటి కుట్టు, ఆరంజిది, అది సగం అయినప్పుడే పట్టాలె. సూది మీద రెండు లూపులున్నయా? ఇగో, గిప్పుడు ఆరంజిది ఇడిచిపెట్టి నల్లది గుంజు. రెండిట్ల నుంచి తియ్యి. అయిపోయింది."

"పాత దారం తెంచెయ్యాల్నా?"

"తెంచద్దు. తెంచితే ముడెయ్యాలె. ముడేస్తే పిల్లల చేతికి తగుల్తది. లోపట్నే ఉండనియ్యి, మళ్ళ దాని వంతు అచ్చినప్పుడు పట్టుకో. గని బిర్రుగ గుంజకు. గుంజితే బొమ్మ నడుం ముడుచుకుంటది."

చార చుట్టూ తిరిగి మొదలైన చోటికే వచ్చింది. అతుకు ఎక్కడుందో నేను వెతుక్కోవాల్సి వచ్చింది. ఆయన పులిని తిప్పి చూపించాడు. "మారే చోటు ఎప్పటికి వీపు మీదనే ఉంచు. రంగు మారినట్టు తెల్వాలె, ఏడ మారిందో తెల్వద్దు. పిల్లలు మొఖం చూస్తరు గని వీపు చూడరు."

"అయితే వదినకు నేర్పింది గూడ నువ్వేనన్న మాట" అన్నాను.

సైకిల్ పుల్లను జేబులో పెట్టుకున్నాడు. "మీ వదిన లేదు. పోయి శాన ఏండ్లాయె."

వెనక గదిలోకి వెళ్ళి చాయ్ పెట్టుకొచ్చాను. ఇచ్చింది తాగాడు, గ్లాసు తనే కడిగి బోర్లించాడు. తర్వాత కూడా ప్రతిసారీ కడిగేవాడు, ఎంత వద్దన్నా వినలేదు. మస్కట్‌లో పన్నెండు మంది ఉండే గదిలో గ్లాసు వదిలేస్తే తన్నులాటలే, అదే అలవాటని చెప్పాడు.

ఆయన సంగతులు నాకు తెలిసింది ఇలా ముక్కలు ముక్కలుగానే, అల్లుతూ చెప్పినంత మటుకే. కుట్లు అరబ్బీలో లెక్కపెట్టేవాడు, వాహద్, ఇత్నేన్, తలాత అని పెదవులు కదిలేవి. మధ్యలో ఏమన్నా అడిగితే అరచెయ్యి ఎత్తి ఆగమనేవాడు. చుట్టు పూర్తయ్యాక గానీ జవాబు వచ్చేది కాదు. అప్పటికి నేనేం అడిగానో నేనే మరిచిపోయేదాన్ని, ఆయన మరిచేవాడు కాదు.

మస్కట్‌లో కట్టడాలకు ఇనుప చువ్వలు కట్టే పని. వైరును కొక్కేనికి తగిలించి మణికట్టుతో ఒక్క తిప్పు తిప్పితే ముడి. పద్దెనిమిదేళ్ళు అదే తిప్పు. ఊలు అల్లేటప్పుడు కూడా మణికట్టు అలాగే తిరిగేది. శుక్రవారం అక్కడ సెలవు. అందుకే తిరిగొచ్చాక కూడా ఆయనకు శుక్రవారం ఇంట్లో కాలు నిలిచేది కాదు, ఎల్లారెడ్డిలో కామారెడ్డి బస్సెక్కేవాడు.

"శుక్రారం అందరు పండుకుంటుండ్రి. ఫిలిప్పైన్సాయన ఒకడుండె, ఆయిన మాత్రం బిడ్డ కోసమని అల్లుకుంట కూసుంటుండె. ఆయిన మాట నాకు రాదు, నా మాట ఆయినకు రాదు. చేతులు చూసి నేర్సుకున్న. చేతులకు పనుంటే ఒక్కన్నే ఉన్నట్టు కొడ్తలేకుండె. నేను గూడ చేసి, ఊరికి పోయేటోళ్ళతోని బిడ్డకు పంపుతుంటి."

ఆయన బిడ్డకు తొమ్మిదేళ్ళప్పుడు భార్య జబ్బుపడి పోయింది. పాస్‌పోర్టు కంపెనీవాళ్ళ దగ్గర ఉంది. ఇవ్వలేదు. దహనం అయిపోయింది, దినాలు అయిపోయాయి. పిల్లను మేనమామ పిట్లం తీసుకుపోయి పెంచాడు, అక్కడే పెళ్ళి చేశాడు. ఆ పెళ్ళికీ ఈయన రాలేదు, ఎవరూ రమ్మనలేదు. పూర్తిగా తిరిగొచ్చేశాక పిట్లం వెళ్ళాడు.

"తలుపు కాడ నిలవడి చెంబుతోని నీళ్ళిచ్చింది. తాగిన. చెంబు ఇచ్చిన. లోపటికి రమ్మనలేదు. మళ్ళ బస్సెక్కిన" అన్నాడు. చెప్పి, వాహద్ దగ్గర్నుంచి మళ్ళీ లెక్క మొదలుపెట్టాడు. ఇంటికొచ్చిన తండ్రిని గడప దాటనివ్వని ఆ పిల్ల మీద కోపమొచ్చింది. కోపం నాకు తొందరగా వస్తుంది.

ఆ పిల్ల మా దుకాణానికి వచ్చే మనిషేనని నాకప్పుడు తెలియదు. తన కూతురు, చిన్నదానికి దగ్గు ఊరికూరికే వస్తుంటే కామారెడ్డిలో డాక్టర్‌కు చూపించడానికి వచ్చేది. వచ్చినప్పుడల్లా ఒక చీర ఫాల్‌కు ఇచ్చి, డాక్టర్ దగ్గర అయ్యాక తీసుకుపోయేది. తక్కువ మాట్లాడే మనిషి. ఒక శుక్రవారం ఆయన కౌంటర్ దగ్గర ఉండగా, చంకలో పిల్లతో లోపలికి వచ్చింది. ఆయన గిరుక్కున గోడ వైపు తిరిగాడు. గోడకు ఊలు ఉండల అర ఉంది. దాని ఎదురుగా, ముక్కు తగిలేంత దగ్గరగా నిలబడిపోయాడు. నేను చీర తీసుకుని, ఎప్పటికిస్తానో చెప్పి, డాక్టర్ ఏమన్నాడని అడిగి, నా పద్ధతిలో అన్నీ మాట్లాడుతున్నాను. కౌంటర్ మీద, నాకు చూపించడానికి ఆయన అప్పుడే తెచ్చిన ఊలు చిలుక ఉంది. ఆకుపచ్చ ఒళ్ళు, మెడకు ఎర్ర పట్టీ. పిల్ల దాన్ని పట్టుకుంది. ఎంత లాగినా వదలదు.

"తీస్కపో బిడ్డా, ఉంచుకో" అన్నాను. మంది సొమ్ము దానం చేయడం నాకు బాగా వచ్చు. తల్లి ఒక్క క్షణం ఆగి, వెళ్ళిపోయింది.

ఆయన ఇటు తిరిగేసరికి మొహం పాలిపోయి ఉంది. "నా బిడ్డ" అన్నాడు. ఇంకాసేపటికి, "పొట్టిదాన్ని మొదటిసారి చూడబట్టి. చూసుడేంది, గొంతు ఇన్న" అన్నాడు.

ఆ రోజు నాతో మాట తీసుకున్నాడు. వారం వారం ఒక బొమ్మ తెస్తాడు, నేను కౌంటర్ మీద పెట్టాలి, ఆమె వచ్చినప్పుడు పిల్లకు ఇవ్వాలి. ఎవరు చేశారో చెప్పకూడదు. "పేరు చెప్పినవంటే తీస్కోదు చెల్లె. నాకు ఎర్కే" అన్నాడు.

అలా ఒక ఏడాది నడిచింది. నా దుకాణంలో అంత బాగున్న ఏడాది నాకు గుర్తులేదు. చారల చేప, మచ్చల లేగదూడ, రెక్కలు విప్పిన పాలపిట్ట. పిల్ల వస్తూనే కౌంటర్ ఎక్కబోయేది. శుక్రవారం ఆయన రాగానే నేను అన్నీ అప్పజెప్పేదాన్ని. పాలపిట్టను పిల్ల ఏ చేత్తో పట్టుకుంది, ఏమంది, దగ్గు తగ్గిందా. ఆయన అల్లడం ఆపి వినేవాడు. ఆయన అల్లడం ఆపేది అప్పుడొక్కటే. నాకూ వారంలో ఒక రోజు ఎదురుచూడడానికి దొరికింది.

ఆ బొమ్మలను చూసినవాళ్ళంతా ఎవరు చేస్తారని అడిగేవాళ్ళు. ఆమె ఒక్కసారి కూడా అడగలేదు. అది నాకప్పుడు తట్టలేదు.

దసరా ముందు ఒక రోజు వచ్చింది. పిల్ల ఆ వారం బొమ్మను, గోధుమరంగు కుందేలును, బుగ్గకు ఆనించుకుని ముద్దు పెట్టింది. నా గుండె కరిగిపోయింది. కరగడమే కాదు, గర్వం కూడా వచ్చింది. తండ్రినీ బిడ్డనూ కలిపేది నేనే అనుకున్నాను. ఈమె ఏడుస్తుంది, ఇక్కణ్నుంచే ఎల్లారెడ్డి బస్సెక్కుతుంది, ఆయన తలుపు తీస్తాడు, అంతా నా చలవే. అంతా కళ్ళకు కట్టింది.

"మీ బాపు చేసిండమ్మా" అన్నాను. "ఇన్ని దినాలసంది అన్నీ ఆయనే చేసిండు."

ఆమె మొహంలో ఏమీ మారలేదు. వంగి, పిల్ల వేళ్ళు ఒక్కొక్కటే విప్పి, కుందేలును తీసి కౌంటర్ మీద పెట్టింది. పిల్ల ఏడుపు అందుకుంది. "వద్దక్కా" అంది. ఫాల్ సగమే కుట్టిన చీరను మిషన్ మీది నుంచి తీసుకుని వెళ్ళిపోయింది. సందు మలుపు దాకా పిల్ల ఏడుపు వినిపించింది. కుందేలు నన్నే చూస్తూ కూర్చుంది.

శుక్రవారం ఆయన వచ్చాడు. "అచ్చిందా?" అన్నాడు.

నిజం చెప్పాలనే అనుకున్నాను. దేవుడి మీద ఒట్టు. నోరు తెరిస్తే, "అచ్చింది. కుందేలును పట్కపోయింది" అని వచ్చింది.

ఆ తర్వాత ఆమె రాలేదు. ఆయన మాత్రం ప్రతి శుక్రవారం వచ్చాడు, బొమ్మ తెచ్చాడు. నేను వాటిని మిషన్ కింద బియ్యం సంచిలో వేసి మూతి కట్టేదాన్ని. ఆయన అడిగేవాడు, నేను కల్పించేదాన్ని. పిల్ల కుందేలును చంకలో పెట్టుకుని పడుకుంటుందని చెప్పాను. బడిలో వేశారని చెప్పాను. ఒకసారి పొట్టిదానికి ఏ రంగు ఇష్టమని అడిగితే, ఎదురుగా అరలో కనిపించింది చెప్పాను, పసుపని. ఇక ఆయన పసుపే కొన్నాడు. పసుపు ఏనుగు, పసుపు తోక ఉన్న ఉడుత. నా అబద్ధాన్ని బట్టి ఆయన ఊలు కొనేవాడు. నాకు నిద్ర పట్టేది కాదు. అయినా శుక్రవారం పొద్దున లేచి, ఇవాళ పిల్ల ఏమందని చెప్పాలా అని ఆలోచించేదాన్ని.

చివరిసారి వచ్చినప్పుడు కూర్చోలేదు. ఒంట్లో బాగాలేదన్నాడు. "వచ్చే శుక్రారం రాకపోతే చూస్కో చెల్లె, బొమ్మ లేదని పొట్టిది ఏడుస్తదేమో" అన్నాడు. ఏడవదులే, నేను చెప్తాలే అన్నాను. తర్వాత మూడు శుక్రవారాలు రాలేదు. ఫోన్ చేసి చూద్దామంటే నంబరు ఎప్పుడూ అడిగింది లేదు. ఎల్లారెడ్డి ఎంత దూరం, ఒక గంట. నేను వెళ్ళలేదు. వెళితే ఆమె సంగతి అడుగుతాడు, జబ్బుమనిషి ముందు కూర్చుని ఇంకో అబద్ధం ఆడాలి. ఆ భయంతోనే వెళ్ళలేదు. నాలుగో వారం లైనింగ్ కొనడానికి ఆ ఎల్లారెడ్డామె వచ్చింది.

ఆయన పోయిన సంగతి తెలిసిన కొన్నాళ్ళకు బిడ్డ వచ్చింది. చేతిలో చీర లేదు. చిన్నది పొడుగైంది, తల్లి చెయ్యి పట్టుకుని నిలబడింది. కూర్చోమని స్టూలు వేశాను.

"నాకు ముందుగాల్నే తెల్సక్కా" అంది. "చిలుకను ఇచ్చిన్నాడే. నా చిన్నప్పుడు మస్కట్‌కెల్లి పంపిన బొమ్మలు గిట్లనే ఉంటుండె. గోడ దిక్కు తిరిగి నిలవడ్డాయన ఎవలో నాకు తెల్వదా?"

"మరి తెలిసి తెలిసి..."

"తీస్కున్న. మా అమ్మ పోయే ముందట తలుపు దిక్కే చూసుకుంట పోయింది. ఆయన చేతికెల్లి ఇగ ఏది తీస్కోనని నేను అమ్మ ముందట అనుకున్న. నువ్వు చెప్పనన్ని దినాలు అది దుకాణంల బొమ్మ. తీస్కోవచ్చు. నువ్వు ఎందుకు చెప్పినవక్కా?"

ఇన్నేళ్ళుగా ఎవరి ఊసైనా వాళ్ళడగకుండానే చెప్పేసే మనిషిని, అడిగినదానికి చెప్పలేకపోయాను.

"నేను వద్దన్ననని చెప్తే ఏమన్నడు?" అని అడిగింది. దీనికోసమే పిట్లం నుంచి వచ్చిందని అప్పుడర్థమైంది. అడిగి, నా మొహం వైపు చూడలేక నేలకేసి చూస్తోంది.

"చెప్పలే" అన్నాను. "తీస్కున్నవనే చెప్పిన. పోయేదాక గట్లనే చెప్పిన. పొట్టిదానికి పసుపు పచ్చది ఇష్టమని గూడ చెప్పిన."

తలెత్తింది. "దీనికి పసుపు పడదక్కా. ఎర్రది అంటది" అంది. నవ్వబోయింది. నవ్వు రాలేదు, ఏడుపు వచ్చింది. కొంగు నోట్లో కుక్కుకుని, చప్పుడు కాకుండా ఏడ్చింది. నేనూ ఏడ్చాను, నాకు చప్పుడు లేకుండా ఏడవడం రాదు.

మిషన్ కింద నుంచి సంచి లాగి మూతి విప్పాను. ఆమె ముట్టుకోలేదు. చిన్నది ముట్టుకుంది. ఏనుగును తొండం పట్టి బయటికి లాగింది. ఇటు తిప్పి, అటు తిప్పి, పొట్ట నొక్కి చూసింది.

"అమ్మా, గిది ఎవలు చేసిండ్రు?"

ఆమె నా వైపు చూసింది. ఎప్పట్లాగే నేనే ఏదో ఒకటి చెబుతానని ఇద్దరూ చూస్తున్నారు. నేను నోరు మూసుకున్నాను. రోడ్డు మీద బస్సు హారన్ కొట్టింది, మళ్ళీ కొట్టింది. చిన్నది మళ్ళీ అడిగింది.

"మా బాపు" అంది ఆమె.